ట్యాంకు అనే మాట: తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో ఉంటే ఈ మాట వినకుండా రోజు గడవదు. బస్సులో కండక్టర్ మాసబ్ ట్యాంక్, మాసబ్ ట్యాంక్ అని కేక వేస్తాడు. అపార్ట్‌మెంట్‌లో ట్యాంకు నిండి నీళ్లు కారుతుంటే పై ఫ్లోర్ వాళ్లు మోటారు బంద్ చెయ్యమని వాచ్‌మన్‌కు ఫోన్ చేస్తారు. ప్లాటు కొనబోతే తెలిసినవాళ్లు ముందు అడిగేది ఎఫ్‌టీఎల్ (ఫుల్ ట్యాంక్ లెవల్) చూసుకున్నారా అని. ఆ మూడక్షరాల నడుమ ఉన్నదీ ట్యాంకే. ఒకే మాటకు ఇన్ని అర్థాలు ఎలా వచ్చాయని చాలామంది అడుగుతుంటారు. ఆ ప్రశ్నలన్నీ ఒక చోట చేర్చి, నాకు తెలిసినంతలో జవాబులు రాస్తున్నాను.

ట్యాంకు అసలు ఇంగ్లీషు మాటేనా?

ఇప్పుడు ఇంగ్లీషు మాటే. పుట్టింది మాత్రం ఇంగ్లండ్‌లో కాదు. గుజరాతీలో టాంకుం, మరాఠీలో టాంకే అంటే నేలలో తవ్వి కట్టిన నీటి తొట్టి. 17వ శతాబ్దం మొదట్లో పశ్చిమ తీరానికి వచ్చిన ఇంగ్లీషు వర్తకులు, యాత్రికులు ఈ మాటను పట్టుకున్నారు. అప్పట్లో వాళ్ల వ్యాపారానికి సూరత్ పెద్ద కేంద్రం. గుజరాత్, రాజస్థాన్ ఎండల్లో వాన నీటిని దాచుకోకపోతే బతుకు లేదు. అందుకే పాత అహ్మదాబాద్ ఇళ్లలో వాకిలి కింద నీటి తొట్టి ఉండేది. మిద్దె మీద పడిన వాన నీళ్లు గొట్టంలోంచి అందులోకి దిగేవి. రాజస్థాన్ పల్లెల్లో ఇప్పటికీ దాన్ని టాంకా అనే పిలుస్తారు.

అంటే ఈ మాటకు మొదటి అర్థం రేకు డబ్బా కాదు, ప్లాస్టిక్ డ్రమ్ము కాదు. నేలలో నీళ్లు నిలిచే చోటు. ఇది గుర్తుంటే మిగతా అర్థాలన్నీ వరసగా అందుతాయి.

పోర్చుగీసు నుంచి వచ్చిందని కూడా చదివాను. ఏది నిజం?

రెండింటిలోనూ నిజం ఉంది. పోర్చుగీసులో టాంకె అనే మాట ఉంది. పారే నీటిని ఆపడం అనే అర్థమున్న ఎస్టాంకార్ అనే క్రియ నుంచి అది వచ్చింది. రక్తం కారకుండా ఆపడాన్ని ఇంగ్లీషులో స్టాంచ్ అంటారు, అదీ ఆ కుటుంబంలోదే. పోర్చుగీసువాళ్లు ఇంగ్లీషువాళ్లకంటే వందేళ్ల ముందే మన తీరానికి వచ్చారు. 1498లో వాస్కో డ గామా కాలికట్ దగ్గర దిగాడు, 1510లో గోవా వాళ్ల చేతికి వచ్చింది. ఇంగ్లీషువాళ్లు వచ్చేసరికి స్థానికుల నోట టాంకుం, పోర్చుగీసువాళ్ల నోట టాంకె వినపడుతున్నాయి. రెండూ నీటి గురించే. వినేవాడికి తేడా ఏం తెలుస్తుంది?

భారతదేశపు ఇంగ్లీషు మాటల మీద 1886లో అచ్చయిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు కూడా ఈ చిక్కును చర్చించింది. రెండు కాలువలు ఒకే చెరువులో కలిశాయని చెప్పుకోవడమే న్యాయమని నాకనిపిస్తుంది.

మన తటాకమే ట్యాంకు అయిందంటారు కదా?

సంస్కృతంలో తటాకం, తడాగం అనే రూపాలున్నాయి. గుజరాతీ టాంకుం వాటి నుంచే వచ్చి ఉండొచ్చని కొందరు పండితులు అన్నారు. వీలున్న ఊహే గానీ రుజువైన సంగతి కాదు. తటాకం, ట్యాంకు పలకడానికి దగ్గరగా ఉన్నాయి కాబట్టి ఒకటేనని తేల్చేయడం సరికాదు. మనవాళ్లు తటాకాన్ని ఎంత గొప్పగా చూశారో చెప్పడానికి ఈ పోలికతో పనిలేదు కూడా. సప్త సంతానాల్లో కొడుకు పక్కనే చెరువునూ చేర్చారు. కడప జిల్లా పోరుమామిళ్లలో చెరువు తవ్వించిన విజయనగర రాకుమారుడు భాస్కర భవదూరుడు 1369లో వేయించిన శాసనం ఉంది. మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలు ఏమిటో అందులో చెప్పారు.

ట్యాంక్ బండ్‌లో బండ్ అంటే ఏమిటి?

కట్ట. ట్యాంక్ బండ్ అంటే చెరువు కట్ట, అంతే. బండ్ ఫారసీ మాట. ఫారసీలో బంద్ అంటే కట్టినది, కట్టు, అడ్డు. మోటారు బంద్ చెయ్యి అన్నప్పటి బంద్, రాష్ట్ర బంద్‌లోని బంద్, పోలీసు బందోబస్తులోని బంద్ అన్నీ ఒకే ఇంటి పిల్లలు. వినాయక నిమజ్జనం రోజున ట్యాంక్ బండ్ మీద బందోబస్తు పెడితే ఒకే ఫారసీ మాట రెండుసార్లు పలికినట్టే. ఇంగ్లీషులోని బైండ్ కూడా దీనికి దూరపు చుట్టమే. షాంఘైలో నది ఒడ్డున ఉన్న పేరున్న వీధిని ద బండ్ అంటారు. ఆ పేరును ఇంగ్లీషువాళ్లు మన దేశం నుంచే అక్కడికి మోసుకెళ్లారు.

ఇక మన కట్ట సంగతి. ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలంలో, 1562 ప్రాంతంలో, హుస్సేన్ షా వలీ పర్యవేక్షణలో హుస్సేన్ సాగర్ తయారైంది. హైదరాబాద్ నగరం పుట్టింది 1591లో. అంటే చార్మినార్ కంటే ఈ చెరువు దాదాపు ముప్పై ఏళ్లు పెద్దది. సికింద్రాబాద్ వెళ్లే బస్సులో కూర్చుని మనం దాటేది రోడ్డు అనుకుంటాం. నిజానికి అది చెరువు కట్ట. ఒక పక్క నీళ్లు, ఇంకో పక్క కిందికి దిగితే లోయర్ ట్యాంక్ బండ్. ఆ దిగువనే కట్టమైసమ్మ గుడి ఉంది. చెరువు కట్ట తెగకుండా కాపాడే తల్లిగా మైసమ్మను కొలవడం తెలంగాణలో ఊరూరా ఉన్నదే. బోర్డు మీద పేరు ఇంగ్లీషు, ఫారసీ కలిసి ఉన్నా, కట్టకు కాపలా ఉన్న తల్లి పేరులో తెలుగు కట్ట అలాగే నిలిచింది.

పాతబస్తీలో తలాబ్ కట్ట అనే పేట ఉంది. తలాబ్ అంటే చెరువు, కట్ట మన మాటే. అంటే ట్యాంక్ బండ్, తలాబ్ కట్ట రెండింటికీ అర్థం ఒక్కటే. నగరం నాలుగు భాషలు కలిపి ఒకే వస్తువుకు రెండు పేర్లు పెట్టుకుంది.

మాసబ్ ట్యాంక్‌లో ట్యాంకు ఎక్కడుంది?

ఇప్పుడు లేదు. ఫ్లైఓవర్ ఉంది, కాలేజీలున్నాయి, ఆఫీసులున్నాయి. అసలు పేరు మా సాహెబా చెరువు. మా సాహెబా అంటే అమ్మగారు అని గౌరవంగా పిలిచే పిలుపు. గోల్కొండ రాజకుటుంబపు మహిళ పేరు మీద ఏర్పడిన చెరువది. మా సాహెబా జనం నోట మాసబ్ అయింది, తలాబ్ ఇంగ్లీషు కాలంలో ట్యాంక్ అయింది. తరవాత నీళ్లు పోయాయి, పేరు మిగిలింది. కొత్తగా నగరానికి వచ్చినవాళ్లు అక్కడ ఏదో పెద్ద నీళ్ల ట్యాంకు ఉండేదేమో అనుకుంటారు. కాదు, అక్కడ చెరువు ఉండేది. ఈ ఒక్క సంగతి తెలిసేలా బస్టాప్ దగ్గర ఒక చిన్న పలక పెడితే బాగుంటుందని నా కోరిక.

మీర్ ఆలం ట్యాంక్ కూడా చెరువేనా?

చెరువే, అదృష్టవశాత్తూ ఇంకా ఉంది. జూ పార్కుకు ఆనుకుని ఉంటుంది. మూడో నిజాం సికందర్ జా దగ్గర దివానుగా ఉన్న మీర్ ఆలం పేరు మీద 1806లో పూర్తయింది. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ రాకముందు నగరానికి తాగునీళ్లు ఇచ్చిన చెరువుల్లో ఇది ముఖ్యమైనది.

దీని కట్టను తప్పకుండా చూడాలి. మామూలు మట్టి కట్ట కాదు, నిటారు గోడా కాదు. అర్ధచంద్రాకారపు రాతి కమాన్లు 21 వరసగా ఉంటాయి. ప్రతి కమాను ఉబ్బెత్తు భాగం నీళ్ల వైపు తిరిగి ఉంటుంది. నీళ్లు వెనక నుంచి నెట్టినప్పుడు ఆ ఒత్తిడి కమాను వంపు వెంట రెండు పక్కలకూ జారి, కమానుకూ కమానుకూ నడుమ ఉన్న బలమైన స్తంభాల మీద పడుతుంది. తలుపు మీద కమాను ఇటుకల బరువును ఎలా మోస్తుందో, ఇక్కడ అదే కమాను పక్కకు తిరిగి నీటి బరువును మోస్తుంది. ఇనుప చువ్వలు, సిమెంటు వాడని రోజుల్లో కట్టిన ఆ గోడ రెండు వందల ఏళ్లు దాటినా నిలబడి ఉంది.

లేక్ అనాలా, ట్యాంక్ అనాలా? రిజర్వాయర్ అంటే వేరా?

ఇంగ్లండ్ ఇంగ్లీషులో లేక్ అంటే సాధారణంగా తనంతట తాను ఏర్పడిన సరస్సు. దక్షిణ భారతంలో, శ్రీలంకలో రాసే ఇంగ్లీషులో ట్యాంక్ అంటే మనుషులు కట్ట వేసి నీళ్లు నిలిపిన చెరువు. ఈ లెక్కన హైదరాబాద్‌లో మనం లేక్ అంటున్నవి దాదాపు అన్నీ ట్యాంకులే. దక్కను పీఠభూమిలో సహజ సరస్సులు అరుదు. వాలును చూసి, వాగుకు అడ్డంగా కట్ట వేసి, ఒకదాని అలుగు నీళ్లు కింది దానిలోకి చేరేలా గొలుసుకట్టు చెరువులు కట్టుకున్నారు మన పెద్దలు. కాకతీయుల కాలం నుంచీ తెలంగాణ సేద్యం వాటి మీదే నడిచింది. 2015లో మొదలైన మిషన్ కాకతీయ పూడిక తీయాలని లెక్క వేసుకున్న చెరువులు, కుంటలు 46 వేలకు పైగా ఉన్నాయి.

రిజర్వాయర్ అనే మాట తరవాతి కాలపు పెద్ద ఆనకట్టలతో వచ్చింది. 1908 మూసీ వరదల తరవాత కట్టిన ఉస్మాన్ సాగర్ 1920లో, హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. వాటిని రిజర్వాయర్లు అంటారు. మనకు మాత్రం ఉస్మాన్ సాగర్ ఎప్పటికీ గండిపేటే.

ఎఫ్‌టీఎల్ అంటే ఏమిటి? ప్లాటు కొనేవాళ్లు ఎందుకు టెన్షన్ పడతారు?

ఎఫ్‌టీఎల్ అంటే ఫుల్ ట్యాంక్ లెవల్. చెరువు అలుగు పారే స్థాయికి నిండినప్పుడు నీళ్లు ఎంతవరకు వస్తాయో ఆ గీత. ఎండాకాలంలో వెళ్లి చూస్తే అక్కడ నేల గట్టిగా, పొడిగా ఉండొచ్చు. మేకలు మేస్తుండొచ్చు. అయినా లెక్కలో అది చెరువే. ఇక్కడే చాలామంది పొరపడతారు. ఈరోజు నీళ్లు ఎక్కడున్నాయని కాదు, నిండినప్పుడు ఎక్కడిదాకా వస్తాయన్నదే ప్రశ్న.

ఆ గీత బయట కూడా కొంత ఖాళీ వదలాలి. దాన్ని బఫర్ జోన్ అంటారు. 2012 నాటి భవన నిర్మాణ నిబంధనల ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు ఎఫ్‌టీఎల్ గీత నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్న చెరువుకో కుంటకో 9 మీటర్లు. 2024 జులైలో చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా ఏర్పడి కూల్చివేతలు మొదలయ్యాక ఈ మాటలు ఇంటింటికీ చేరాయి.

పాత రెవెన్యూ కాగితాల్లో ట్యాంక్ అని ఇంగ్లీషులో, తలాబ్ అని ఉర్దూలో, శిఖం అని మన దగ్గరి వాడుకలో కనిపిస్తుంది. శిఖం అంటే చెరువు మునక భూమి. ఈ మూడింట్లో ఏది కనపడినా ఆగి కనుక్కోండి. ఇంగ్లీషు కాగితంలో ట్యాంక్ అని ఉంటే పక్కన ఓవర్‌హెడ్ ట్యాంకు ఉందేమోలే అనుకుని ముందుకు పోవద్దు. బ్రోచర్‌లో లేక్ వ్యూ అని మురిపించిన చోటే కాగితంలో ట్యాంక్ అని ఉంటుంది. అమ్మేవాళ్ల మాట మీద కాకుండా హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ (హెచ్‌ఎండీఏ) చెరువుల మ్యాపుల్లో సర్వే నంబరు పెట్టి చూసుకోవడం, నీటిపారుదల, రెవెన్యూ శాఖల్లో అడగడం మంచిది. జీవితకాలపు కష్టార్జితం పెట్టేవాళ్లు ఈ ఒక్క మాట దగ్గర తొందరపడకూడదు.

నీళ్ల ట్యాంకుకు, యుద్ధ ట్యాంకుకు ఏం సంబంధం?

అబద్ధమే సంబంధం. అదీ కావాలని చెప్పిన అబద్ధం. మొదటి ప్రపంచ యుద్ధంలో కందకాలను, ముళ్లకంచెలను దాటగల ఇనుప బండి కావాలని బ్రిటన్ అనుకుంది. నౌకాదళ మంత్రిగా ఉన్న విన్‌స్టన్ చర్చిల్ 1915 ఫిబ్రవరిలో ల్యాండ్‌షిప్స్ కమిటీని వేశాడు. అంటే మొదట్లో వాళ్లు దాన్ని నేల మీది ఓడ అనుకున్నారు. లింకన్ పట్టణంలోని ఫాస్టర్ కంపెనీలో విలియం ట్రిట్టన్, వాల్టర్ విల్సన్ దాన్ని తయారు చేశారు.

ల్యాండ్‌షిప్ అని పిలిస్తే శత్రువుకు సంగతి తెలిసిపోతుంది. అందుకని మెసపొటేమియా ఎడారికి నీళ్లు మోసే బండ్లు అని పుకారు పుట్టించారు. నీళ్ల బండి అనే పేరులోని ఇంగ్లీషు పొడి అక్షరాలు డబ్ల్యూసీ అవుతాయి, అది మరుగుదొడ్డికి గుర్తు. ఆ పేరు వద్దనుకుని 1915 డిసెంబరులో ట్యాంక్ అని ఖాయం చేశారు. అటు ఇటు తిప్పి చూస్తే పెద్ద ఇనుప తొట్టిలాగే ఉండేది కాబట్టి ఎవరూ అనుమానించలేదు. కొన్నిటి మీద రష్యన్ భాషలో పెట్రోగ్రాడ్‌కు, జాగ్రత్త అని కూడా రాశారు. 1916 సెప్టెంబరు 15న ఫ్రాన్స్‌లో సోమ్ యుద్ధంలో మొదటిసారి వాటిని దింపారు. గుట్టు బయటపడింది, పేరు ఉండిపోయింది. జర్మన్లు పాంజర్ అంటారు, ఫ్రెంచివాళ్లు రథం అనే అర్థమిచ్చే షార్ అంటారు. రష్యన్లు, మనం ట్యాంక్ అనే అంటాం.

వాన నీళ్లు దాచుకోవడానికి పుట్టిన మాట చివరికి ఒక ఆయుధానికి అతుక్కోవడం నన్ను ఎప్పుడూ బాధపెడుతుంది.

మన దగ్గర ఎద్దుమైలారంలో తయారయ్యేవి ట్యాంకులేనా?

చాలామంది అలాగే అంటారు. సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారంలోని ఆయుధ కర్మాగారం 1984లో మొదలైంది. అక్కడి ముఖ్యమైన తయారీ శరత్ పేరుతో పిలిచే బీఎంపీ-2. అది సైనికులను మోసుకెళ్లి యుద్ధరంగంలో దింపే కవచ వాహనం. చైన్ల మీద నడుస్తుంది, పైన తుపాకీ ఉంటుంది కాబట్టి చూడటానికి ట్యాంకులా ఉంటుంది. అసలు యుద్ధ ట్యాంకులు తయారయ్యేది చెన్నై దగ్గర ఆవడిలో.

ఇంటి మీది ట్యాంకును టాంకీ అంటే తప్పా?

తప్పేం లేదు. హైదరాబాదీ ఉర్దూలో టంకీ, తెలంగాణ ఇళ్లలో టాంకీ. పెట్రోల్ బంకులో కూడా టాంకీ ఫుల్ చెయ్యి భయ్ అంటాం. కింద నేలలో ఉన్న తొట్టిని మాత్రం సంపు అంటాం. నిజానికి పాత గుజరాతీ టాంకుంకు సరిగ్గా సరిపోయేది మన సంపే. మిద్దె మీది నల్ల ప్లాస్టిక్ ట్యాంకును ఏ కంపెనీదైనా సింటెక్స్ అనేయడం మనకు అలవాటు. ఆ కంపెనీ 1970లలో ఈ ట్యాంకులు మొదలుపెట్టింది గుజరాత్‌లోని కలోల్‌లో. మాటా అక్కడిదే, వస్తువూ అక్కడిదే. ట్యాంకర్ కూడా దీని పిల్లే. మొదట నూనె మోసే ఓడలకు ఆ పేరు, మనకు ఎండాకాలంలో వీధిలోకి వచ్చే నీళ్ల లారీ.

సెప్టిక్ ట్యాంకు?

ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్‌లో డొనాల్డ్ కామెరాన్ 1895లో పెట్టిన పేరు. సెప్టిక్ గ్రీకు నుంచి వచ్చింది, కుళ్లడం అని అర్థం. లోపల సూక్ష్మజీవులు మలాన్ని కుళ్లబెట్టి విడగొడతాయి కాబట్టి ఆ పేరు. ఒక మాట మాత్రం తప్పకుండా చెప్పాలి: రక్షణ పరికరాలు, జాగ్రత్తలు లేకుండా అందులోకి మనుషులను దింపి శుభ్రం చేయించడం 2013 చట్టం ప్రకారం నేరం. లోపలి విషవాయువు క్షణాల్లో ప్రాణం తీస్తుంది.

థింక్ ట్యాంక్‌లో ట్యాంకు ఏమిటి?

మొదట్లో అమెరికన్ వాడుకలో థింక్ ట్యాంక్ అంటే మెదడు, తలకాయ. ఆలోచనలు నిలవుండే తొట్టి అన్నమాట. తరవాత నిపుణులు కూర్చుని వ్యూహాలు వేసే చోటుకు, 1960ల నాటికి పరిశోధన సంస్థలకు ఆ పేరు వచ్చింది. తెలుగు పత్రికలు మేధోసంస్థ, మేధోబృందం అని రాస్తాయి. మన నగరంలో బెల్లా విస్టాలోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ, బేగంపేటలోని ఆర్థిక, సామాజిక అధ్యయనాల కేంద్రం (సెస్) ఈ కోవలో చెప్పుకోదగ్గవి.

ట్యాంక్ టాప్ అనే బట్టలకు ఆ పేరెందుకు?

ఈత కొలనును ఒకప్పుడు స్విమ్మింగ్ ట్యాంక్ అనేవారు. అందులో వేసుకునే చేతుల్లేని ఈత దుస్తులు ట్యాంక్ సూట్. దాని పైభాగంలా ఉండే బనియను ట్యాంక్ టాప్. ఇక్కడా నీళ్లే.

షేర్లు ట్యాంక్ అయ్యాయి అంటే?

ఒక్కసారిగా పడిపోయాయని. బాక్సింగ్‌లో డబ్బు తీసుకుని కావాలని ఓడిపోవడాన్ని నీళ్లలోకి దూకడంతో పోల్చి ట్యాంకులోకి వెళ్లాడు అనేవారు. టెన్నిస్‌లో, బాస్కెట్‌బాల్‌లో కావాలని ఓడటాన్ని ఇప్పటికీ ట్యాంకింగ్ అంటారు. మార్కెట్‌కు, సినిమా వసూళ్లకు వాడినప్పుడు ఆ మోసం అర్థం పోయి పతనం ఒక్కటే మిగిలింది.

టంకసాలకు, ట్యాంకుకు సంబంధం ఉందా?

లేదు. టంకం అంటే సంస్కృతంలో ముద్ర వేసిన నాణెం, దాన్ని తయారు చేసే చోటు టంకసాల. 1903 నాటి సైఫాబాద్ టంకసాల హుస్సేన్ సాగర్‌కు దగ్గర్లోనే ఉన్నా మాటలు రెండూ వేరు వేరు. బీరు తాగే టాంకార్డ్ గ్లాసు కూడా వేరే. ట్యాంకు మాట ఇంగ్లండ్ చేరడానికి ఎంతో ముందే ఆ మాట అక్కడ ఉంది.

మన చెరువుల నుంచి ఇంగ్లీషులోకి వెళ్లిన మాటలు ఇంకేమైనా ఉన్నాయా?

ఉన్నాయి. బండ్ సంగతి చెప్పాను. వాగు అనే అర్థమున్న నాలా ఇంగ్లీషులో నల్లా అయింది, మన కుళాయి నల్లా కాదు. తమిళ అణైక్కట్టు, మన ఆనకట్టకు తోబుట్టువు, ఆనికట్ అయింది. ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టి 1852లో పూర్తి చేసిన ధవళేశ్వరం ఆనకట్టను ఇంగ్లీషు రికార్డులన్నీ గోదావరి ఆనికట్ అనే రాశాయి. ఆయకట్టు కూడా అలాగే వెళ్లింది. చెరువు కిందో కాలువ కిందో తడిసే మొత్తం పొలానికి ఇంగ్లీషులో ఒక్క మాట దొరకక, ఇంజనీర్లు దాన్నే తీసుకున్నారు. నీటిపారుదల శాఖ ఇంగ్లీషు నివేదిక ఏది తెరిచినా ఎకరాల అంకె పక్కన ఆ మాట ఇప్పటికీ ఉంటుంది.